ఇరవై నాలుగు పెట్టిందెవరు

పోయిన ఏడాది నేను ఉద్యోగం మానేశాక, మా వీధిలో కంప్యూటర్ చదువులు చదివే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి వరండాలో కూర్చుంటున్నారు. "ఆంటీ, మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద బగ్ ఏది?" అని అడుగుతారు. వాళ్ళకు కావలసింది యుద్ధం లాంటి కథ. నాకు గుర్తుండిపోయింది మాత్రం చాలా చిన్న తప్పు. ప్రోగ్రాములో దాన్ని దిద్దడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. ప్రోగ్రాము బయట అది చేసిన పని దిద్దడానికే మాకు చేతకాక తన్నుకులాడాం. వాళ్ళలాగే మీరూ రేపు ఇట్లాంటి ఉద్యోగాల్లోకే పోతారు కాబట్టి చెబుతున్నాను.

మా ఆఫీసు కర్నూలు పక్కన కల్లూరులో, ఒక టైర్ల అంగడి పైన ఉండేది. చిన్న కంపెనీ. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలకు, పత్తి మిల్లులకు, శీతల గిడ్డంగులకు కావలసిన ప్రోగ్రాములు రాసి ఇచ్చేవాళ్ళం. నేను రాసేదాన్ని కాదు. రాసినదాన్ని పరీక్షించడం, కస్టమర్ దగ్గరికి పోయి చూసి రావడం, ఫోన్ ఎత్తి తిట్లు తినడం నా పని. మా యజమాని నాకంటే వయసులో చిన్నవాడు. ఆయన నన్ను అక్కా అనేవాడు, నేను ఆయన్ని సార్ అనేదాన్ని. మంచివాడు, భయస్తుడు. ఆ ఆఫీసు పెట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టిన మనిషి భయపడకపోతేనే ఆశ్చర్యం.

బనగానపల్లె దిక్కు కొందరు మామిడి వ్యాపారులకు మేము ఒక ప్రోగ్రాము అమ్మాం. కార్బైడుతో కాయలు మాగబెట్టడం మీద కట్టడి పెరిగాక, వాళ్ళు గ్యాసుతో మాగబెట్టే గదులు కట్టుకున్నారు. గదిలో వేడి ఎన్ని డిగ్రీలు ఉండాలి, తేమ ఎంత ఉండాలి, గ్యాసు ఎంతసేపు వదలాలి, ఇవన్నీ కంప్యూటరులో అంకెలుగా పెడితే యంత్రాలు ఆ ప్రకారం నడుస్తాయి. ఈ అంకెలనే సెట్టింగులు అంటాం. అవి గదుల దగ్గరి కంప్యూటరులోనూ కనిపిస్తాయి, ఊళ్ళో వ్యాపారి కూర్చునే ఆఫీసు కంప్యూటరులోనూ కనిపిస్తాయి. ఎక్కడి నుంచైనా మార్చుకోవచ్చు. మేము గొప్పగా చెప్పుకుని అమ్మింది ఆ ఒక్క ముక్కనే.

కాయలు జోరుగా దిగుతున్న రోజుల్లో ఒకసారి నాకు ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు.

"మేడమ్, మీ ప్రోగ్రాములో ఒకరిని మార్చనీకుండా బీగం వేసేకి అయితాదా?"

"అవుతుందమ్మా. పాస్‌వర్డు పెట్టొచ్చు. ఎవరికి వేయాల?"

"మా అబ్బకు" అంది.

తండ్రి మామిడి వ్యాపారి. ఈ అమ్మాయి ఆయన కూతురు. ఉద్యానశాస్త్రం చదివి, వేరే ఉద్యోగాలు వచ్చినా కాదని, తండ్రి చేత మాగబెట్టే గదులు కట్టించి తానే నడుపుతోంది. విషయం మా సార్‌కు చెబితే ఆయన సంతోషపడ్డాడు. "బీగం మంచి ఐడియా అక్కా. మిగతా వాళ్ళకు గూడా అమ్మొచ్చు. నువ్వు పోయి వాళ్ళకేం కావాల్నో చూసుకొని రా" అన్నాడు.

బేతంచెర్ల మీదుగా పోయే బస్సు ఎక్కాను. దారి పొడవునా నాపరాళ్ళు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. వాటి మీద నుంచి వచ్చే వేడిగాలికి కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే సెగ. ఊరి బయట ఆ గదులున్న షెడ్డులోకి అడుగుపెట్టగానే చల్లదనం కంటే ముందు బేనీషా మామిడి పండ్ల వాసన తగిలింది.

ఆ అమ్మాయి తలమీద చున్నీ సర్దుకుంటూ ఎదురొచ్చింది. పెట్టెలోంచి ఒక పండు తీసి తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కింది. వేలు మెత్తగా లోపలికి దిగిపోయింది. మరో పక్క తొక్క ఇంకా పచ్చగానే ఉంది, మీద నల్ల చుక్కలు.

"ఈ వేడికి ఇట్లే అయితాది మేడమ్" అంది. "నేను ఇరవై పెట్టి ఇంటికి పోతా. పొద్దున వచ్చి చూస్తే ఇరవై నాలుగు ఉంటాది. మా అబ్బకు ముందు నుంచి ఇరవై నాలుగే అలవాటు. తొందరగా మాగితే తొందరగా లారీ ఎక్కుతాదని ఆయన లెక్క. ఇద్దరం కూచొని మాట్లాడుకున్నాము. సరేలే బేటా, ఈ సీజను నీ మాటే అన్నాడు. నా ముందర సరే అని, నేను పోయినాక మారుస్తాండాడు."

"ఆయన్ని అడిగినావా?"

"అడిగినా. నేను ముట్టుకోలే అంటాడు. అల్లా మీద ఒట్టు గూడా పెట్టినాడు." గబగబా కంప్యూటరు దగ్గరికి పోయి, ఏ సెట్టింగును ఎవరు మార్చారో మా ప్రోగ్రాము రాసిపెట్టే తెర తెరిచి చూపించింది. వేడి ఇరవై నుంచి ఇరవై నాలుగుకు మారింది, మార్చింది ఆఫీసు కంప్యూటరు. కింద మళ్ళీ అదే, దాని కింద మళ్ళీ అదే.

"కంప్యూటర్ ఎందుకు అబద్ధం చెప్తాది మేడమ్? దానికేం అవసరం?"

ఆ మాట మేము కూడా కస్టమర్లతో చాలాసార్లు అన్నదే.

"కాయలు పోతే పోనీ" అంది, గొంతు తగ్గించి. "అవును బేటా, నేనే మార్చినా, నీ చదువు మీద నాకు నమ్మకం లేదు అని చెప్పింటే అయిపోయేది. ఒట్టు పెట్టినాడు చూడండి, అది నాకు పడలే. మొన్న అబ్బ తమ్ముళ్ళు, మా చిచ్చాల ముందర గూడా అడిగేసినా. అందరి ముందర తలొంచుకొని కూచున్నాడు."

నేను చూస్తుండగానే వేడిని మళ్ళీ ఇరవైకి మార్చింది. నేను ఆటో ఎక్కి బజారులో తండ్రి ఆఫీసుకు పోయాను.

ఆయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. తెల్ల టోపీ, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ప్రోగ్రాములో చిన్న మార్పు కోసం వచ్చానని నసిగాను. ఆయన టీ గ్లాసు నా వైపు జరిపి, "బీగమేసేకి వచ్చినావా అమ్మా?" అన్నాడు.

నేను టీ గ్లాసు అందుకున్నాను.

"పాప నాకు చెప్పలే. ఫోన్లో మాట్లాడ్తాంటే ఇనపడింది. ఏసెయ్ అమ్మా, దానికేముంది. నేను చెప్తే నమ్మలే. బీగమేసినాక గూడా ఆ అంకె మారిందనుకో, అప్పుడన్నా తెలుస్తాది కదా, మా అబ్బ కాదని."

కోపం లేదు ఆ మాటలో. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. బీగం వేసే ముందు ఆయనకు ఏయే గడులు తెరిచి ఉంచాలో తెలుసుకోవాలి కాబట్టి, రోజూ ఏం చేస్తాడో చేసి చూపించమన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. రైతు దగ్గర నుంచి కాయల బండి వచ్చినప్పుడల్లా ఆ రైతు పేరు, తోట ఉన్న ఊరు ఒక గడిలో రాసి, కింద 'సేవ్' నొక్కుతాడు. ఆయన చేసేది అంతే. ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాస్తుంటే, నేను ఊరికే తెర మీద మిగతా గడులు చూస్తూ కూర్చున్నాను.

వేడి అన్న గడిలో ఇరవై నాలుగు ఉంది.

ఇందాకే కదా ఆ అమ్మాయి నా కళ్ళముందు ఇరవై పెట్టింది.

"ఈ ఇరవై నాలుగు మీరు పెట్టినారా?" అని అడిగాను.

"నేనెందుకు పెడ్తా అమ్మా? అది అట్లనే ఉండాది. పాప ఇరవై పెట్టినా అంటాది, ఈడ చూస్తే ఇరవై నాలుగే కనపడ్తాది. ఇంకా పెట్టినట్టు లేదు, పెడ్తాదిలే నిదానంగా అనుకుంటా. మళ్ళా అడిగితే కొట్లాట కదా, అందుకని అడగలే."

"ఈ తెర ఎప్పుడు తెరిచినారు?"

"మూసేదే లేదమ్మా. మిషను పెట్టిపోయిన మీ వాళ్ళే చెప్పినారు, దీన్ని మూయొద్దని."

రాసిన పేరుకు సేవ్ నొక్కమన్నాను. నొక్కాడు. నేను మెట్ల మీదికి వచ్చి ఆ అమ్మాయికి ఫోన్ చేసి, వేడి ఎంతుందో చూడమన్నాను.

"ఇరవై నాలుగు!" అంది. "చూసినారా మేడమ్? మీరు ఆడ ఉండంగానే మార్చినాడు. ఇప్పుడు మీరే సాక్షి."

నేను సాక్షినే. ఆయన వేలు ఆ గడి మీదికి పోనేలేదనడానికి సాక్షిని. నోటి దాకా వచ్చిన మాట ఆపుకున్నాను. ఒక్కసారి కంటపడినదాన్ని పట్టుకుని ఇదే కారణమని చెప్పేస్తే, రేపు కాదని తేలితే ఆ ఇంట్లో మరో కొట్లాట మొదలవుతుంది. మా సార్‌కు ఫోన్ చేశాను. చూసింది చెప్పగానే ఆయన, "ఏం చెప్పకుండా వచ్చేయ్ అక్కా. ముందు మనం చూసుకుందాం" అన్నాడు.

బీగానికి కావలసిన ఫైలు కర్నూలులో మరిచిపోయి వచ్చానని తండ్రికీ చెప్పాను, కూతురికీ చెప్పాను. ఆ రోజు అబద్ధమాడింది నేనొక్కదాన్నే. వచ్చేముందు తండ్రికి ఒక మాట చెప్పాను: "కొన్నాళ్ళు పేరు రాసే ముందర ఒకసారి తెర మూసి మళ్ళా తెరవండి." ఎందుకని ఆయన అడగలేదు. "అట్లనేలే అమ్మా" అన్నాడు.

ఆ తెర ప్రోగ్రాము రాసింది మా ఆఫీసులో ఒక అమ్మాయి. ఆదోని అవతల పల్లె. అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు దిక్కు వలసపోయే కూలీలు. కుటుంబంలో మొదటి ఉద్యోగం తనదే కావడంతో, ఎవరైనా పిలిస్తే చాలు, ఏదో తప్పు చేసిన దానిలా లేచి నిలబడేది. మరునాడు రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టించి, బనగానపల్లెలో చూసింది చూసినట్టు చేసి చూపించాను. ఆమె రెండు తెరలనూ మార్చి మార్చి చూసింది.

"బైండింగ్ ఉండాది మేడమ్" అంది చిన్నగా. "ఒక దిక్కే ఉండాది."

మీకు అర్థమయ్యేట్టు చెబుతాను. తెర మీద కనిపించే ప్రతి గడి వెనక ఒక అసలు విలువ ఉంటుంది. గడినీ ఆ విలువనూ ఒకదానికొకటి కట్టడాన్ని డేటా బైండింగ్ అంటాం. గడిలో మారిస్తే అసలు విలువ మారాలి. అసలు విలువ వేరే చోట నుంచి మారితే, గడిలోనూ దానంతట అదే మారాలి. మా తెరలో మొదటిది ఉంది, రెండోది లేదు. తెర తెరిచినప్పుడు సెట్టింగులన్నీ ఒకసారి తెచ్చుకుని చూపిస్తుంది, అంతే. తర్వాత కూతురు గదుల దగ్గర ఎన్నిసార్లు మార్చినా ఆ సంగతి తండ్రి తెరకు ఎవరూ చెప్పరు. పైగా సేవ్ నొక్కితే మార్చిన గడి ఒక్కటే కాకుండా తెర మీదున్న గడులన్నీ పోయి రాసుకుంటాయి. ఆయన రైతు పేరు పంపిస్తే, దాని వెంట పాత ఇరవై నాలుగు కూడా పోయేది. ఆఫీసులో మేము పరీక్షించింది ఒకే కంప్యూటరులో రెండు తెరలు తెరిచి. అక్కడ రెండూ ఒకే విలువను చూస్తాయి కాబట్టి అంతా బాగానే కనిపించింది.

"నేనే రాసినా మేడమ్. సార్‌కు నా పేరే చెప్పండి" అంది ఆ అమ్మాయి, లేచి నిలబడి.

"కూచోమ్మే. రాసింది నువ్వైతే, బాగుందని పంపిచ్చింది ఆఫీసంతా. ముందు సరిచెయ్" అన్నాను.

ఆ మధ్యాహ్నానికే సరిచేసింది. సెట్టింగు ఎక్కడ మారినా తెరిచి ఉన్న తెరలన్నిటికీ కబురు పోయేట్టు, సేవ్ నొక్కితే మార్చిన గడి మాత్రమే పోయేట్టు. ఒక కంప్యూటరులో ఆమె అంకె మార్చేది, రెండో దాని ముందు కూర్చుని నేను చూసేదాన్ని. నా చేయి తగలకుండానే నా ముందున్న అంకె మారిపోతుంటే చిన్నపిల్లలా ముచ్చటపడ్డాం ఇద్దరం.

మా సార్ కూడా వచ్చి చూశాడు. "బాగుండాది. కొత్త వర్షన్ వచ్చిందని చెప్పి పెట్టేసి రా అక్కా" అన్నాడు.

"పాతదాంట్లో ఇట్లా ఉండె అని చెప్పొద్దా సార్?"

"ఎందుకు? మన ప్రోగ్రాము వల్ల కాయలు చెడినాయని బజార్లో తెలిస్తే ఒక్కరన్నా మిగుల్తారా మనకు? తప్పు పోయింది కదా. ఇంకేం కావాల?"

నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకూ ఆ మాట సబబుగానే అనిపించింది. తప్పు పోయాక గొడవ కూడా దానంతట అదే పోతుందనుకున్నాను. మిగతా వ్యాపారులకూ ఒకేసారి పెడదామని సార్ అనడంతో బనగానపల్లె ప్రయాణం కొన్ని రోజులు వెనక్కి పోయింది.

ఈలోగా బనగానపల్లె అమ్మాయే ఫోన్ చేసింది.

"మేడమ్, బీగం అక్కర్లేదు. మీరు వచ్చిపోయినాక ఒక్కసారి గూడా మారలే. కాయలు శానా బాగా వస్తాండాయి."

"సంతోషం అమ్మా."

"బీగమేస్తారని తెలిసేసరికి మానుకున్నాడు. అంటే ఇన్నాళ్ళూ మార్చింది ఆయనే కదా మేడమ్. నాకు మనసులో ఒక మూల, కాదేమో, నేనే తప్పు పడ్తాండానేమో అని ఉండె. ఇప్పుడు అది గూడా పోయింది."

తెర మూసి తెరవమని ఆయనకు నేను చెప్పిన సలహా ఆయన్నే దోషిని చేసింది.

ఆ అమ్మాయి మాట్లాడుతూనే ఉంది. సీజను కాగానే గదులు వేరేవాళ్ళకు లీజుకు ఇచ్చేస్తుందట. కడప దగ్గర ఒక నర్సరీలో ఉద్యోగం అడిగితే రమ్మన్నారట. "కాయల వ్యాపారం యాడైనా చేయొచ్చు మేడమ్. ఇంట్లో అన్నానికి కూచుంటే ఆ ఒట్టే గుర్తొస్తాది. నాతో కాదు."

ఫోన్ పెట్టేసి నేరుగా సార్ గదిలోకి పోయాను. జరిగింది చెప్పాను. ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"వాళ్ళింటి గొడవకు మనమేం చేస్తామక్కా?"

"ఆ గొడవ వాళ్ళింట్లో పుట్టింది కాదు సార్. మనం తీసుకపోయి పెట్టినాము. ఆ ముసలాయన ఒట్టు పెట్టినా కూతురు మన కంప్యూటర్‌నే నమ్మింది. మనం నోరు మూసుకొని కొత్త వర్షన్ పెట్టి వస్తే, ఆయన బతికినన్నాళ్ళూ ఆ పిల్ల కండ్లల్లో అబద్ధాలాడినోడే."

"చెప్తే కంపెనీ పోతాదేమో. అప్పుడు ఈ పిల్లోళ్ళందరి సంగతి?"

నా సంగతి చెప్పాను. "నేనైతే చెప్పకుండా పెట్టలేను. వేరే ఎవరినన్నా పంపించండి."

ఆయన గది అద్దంలోంచి బయట ఉన్న మా అందరినీ ఒకసారి చూశాడు. కస్టమర్ ముందు నిలబడి మాట్లాడగలిగిన మనిషి ఇంకొకరు లేరు. "నువ్వే పో" అన్నాడు చివరికి. "చెప్పేటప్పుడు కొంచెం మెల్లగా చెప్పక్కా." పోతున్న నన్ను మళ్ళీ పిలిచి, "ఎవరు రాసినారంటే నా పేరు చెప్పు" అన్నాడు. ఆయన భయస్తుడని మొదట్లో చెప్పాను. ఆ మాట కూడా ఆయన భయపడుతూనే అన్నాడు, అయినా అన్నాడు.

ఈసారి ఇద్దరినీ తండ్రి ఆఫీసులోనే ఉండమన్నాను. ఆయన తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా నన్నే చూస్తున్నారు. దారంతా కూర్చుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"మీ అబ్బ మార్చలేదమ్మా" అన్నాను. "మా ప్రోగ్రామే మార్చింది. తప్పు మాది."

ఆ అమ్మాయి, "ఇట్లా చెప్పమని మా అబ్బ అడిగినాడా మేడమ్?" అంది.

తండ్రి తల తిప్పుకున్నాడు. ఆ మాటకు నేను బాధపడలేదు. నేనైనా అదే అడిగేదాన్ని. పాత ప్రోగ్రాము ఇంకా తీయలేదు కాబట్టి, "నువ్వే చేసి చూడు. రా, ఈ కుర్చీలో కూచో" అన్నాను. తండ్రి లేచి పక్కకు జరిగాడు. వేడి గడిలో ఇరవై ఉంది. గదుల దగ్గర పనిచేసే ఆయనకు ఆ అమ్మాయి చేత ఫోన్ చేయించి, అక్కడ పందొమ్మిదికి మార్చమని చెప్పించాను. మార్చానని ఆయన చెప్పాడు. మా ముందున్న తెరలో ఇరవై అట్లాగే ఉంది.

"ఇప్పుడు మీ అబ్బ రోజూ చేసేది చెయ్. ఒక రైతు పేరు రాయి, సేవ్ నొక్కు. ఇంకేదీ ముట్టుకోవద్దు."

ఆమె పేరు రాసింది. సేవ్ నొక్కింది. ఫోన్లో, "ఇప్పుడెంతుండాది చూడన్నా" అని అడిగింది.

"ఇరవై అయిందిమ్మా" అన్నాడు ఆయన. "ఇప్పుడే కదా పందొమ్మిది పెట్టమంటివి, మళ్ళా నువ్వే మార్చినావా?"

ఆ అమ్మాయి ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ఉండిపోయింది. అవతల ఆయన "అమ్మా, అమ్మా" అంటున్నాడు. నేను మార్పులు రాసిపెట్టే తెర తెరిచి చూపించాను. వేడి పందొమ్మిది నుంచి ఇరవైకి మారింది, మార్చింది ఆఫీసు కంప్యూటరు. అంటే, ఆ క్షణాన, ఆమే.

ఫోన్ బల్ల మీద పెట్టింది. చున్నీ చివరతో ముఖం తుడుచుకుంది. తుడుచుకుంటూ ఉండిపోయింది. "అబ్బా, నేను చిచ్చాల ముందర..." అని ఆగిపోయింది.

తండ్రి ఆ మాట పూర్తి కానివ్వలేదు. "పొద్దున పెట్టెలు తెరిచినావా బేటా? రంగెట్ల వచ్చింది?" అన్నాడు.

"బాగా వచ్చింది అబ్బా."

"అదే చూసినా నేను గూడా. తొడిమ దగ్గర గట్టిగ ఉండాది. ఇరవై మంచిదే."

ఆమె కుర్చీలో అటు తిరిగి చాలాసేపు ఏడ్చింది. ఆయన పక్కన నిలబడి, ఏం చేయాలో తెలియక ఆ కంప్యూటరు మీద పడిన దుమ్ము తువ్వాలతో తుడుస్తూ ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఇప్పుడు తిడతాడనుకున్నాను. "ఇంత దూరం వచ్చి చెప్పినావు. అన్నం తిని పోవాల" అన్నాడు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. మా సార్ భయపడినట్టే బజారులో తెలిసింది. మిగతా వ్యాపారులు ఫోన్లు చేసి మాదీ ఇట్లాగే ఉందా అని గట్టిగానే అడిగారు. ఉందని చెప్పి, పోయి సరిచేసి వచ్చాం. ఒకాయన మమ్మల్ని మానేసి వేరే కంపెనీకి పోయాడు. మిగిలినవాళ్ళు మిగిలారు. ఆదోని అమ్మాయి ఆ తర్వాత ఏది రాసినా, రెండు కంప్యూటర్లలో చూడందే నా దాకా తెచ్చేది కాదు. బనగానపల్లె అమ్మాయి కడపకు పోలేదు, గదులు లీజుకు ఇవ్వలేదు. కానీ చిచ్చాల ఇళ్ళకు ఒక్కొక్కరి దగ్గరికీ తానే పోయి, మా అబ్బ నిజమే చెప్పాడని చెప్పి వచ్చిందట. అందరూ ఒకేలా వినలేదట. ఒకాయన, పోనీలేమ్మా తండ్రిని కాపాడుకుంటున్నావు అని నవ్వాడట. ఒకసారి అందరి ముందు అన్న మాట అందరి దగ్గరా చెరగదు. దానికి మా దగ్గర కొత్త వర్షన్ లేదు.

నిజం చెప్పిన ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు అయ్యాక కొత్త ప్రోగ్రాము పెట్టాను. అటువైపు నుంచి ఎట్లా కనిపిస్తుందో చూస్తానని ఆ అమ్మాయి స్కూటీ మీద గదుల దగ్గరికి పోయింది. నేనూ తండ్రీ తెర ముందు కూర్చున్నాం. వేడి గడిలో ఇరవై ఉంది.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను అడిగాడు. "ఇప్పుడు నేను ఏదన్నా పెట్టొచ్చునా అమ్మా?"

"మీ ప్రోగ్రాము, మీ గదులు. పెట్టండి."

ఒక్క వేలితో మెల్లగా ఇరవై రెండు రాశాడు. "రేపటి లారీ కొంచెం ముందర పోవాల" అన్నాడు, నాతో కాదన్నట్టు. సేవ్ నొక్కాడు. నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కాసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే గడిలో అంకె ఇరవై అయింది.

ఆయన ముందుకు వంగాడు. "ఇదేంది, మళ్ళా పాతదేనా?" అన్నాడు కంగారుగా.

"కాదండీ. మీ పాప మార్చింది. గదుల దగ్గర నుంచి."

ఆయన ఒక్క క్షణం ఆ అంకెనే చూశాడు. మళ్ళీ ఇరవై రెండు రాశాడు. ఈసారి సేవ్ కొంచెం గట్టిగా నొక్కాడు. ఇరవై వచ్చింది. మళ్ళీ ఇరవై రెండు. ఈసారి ఆలస్యమైంది. తర్వాత మా ఇద్దరి కళ్ళముందే గడిలో ఇరవై ఒకటి వచ్చి నిలబడింది. బల్ల మీద ఫోన్ మోగింది. స్పీకరు నొక్కకుండానే నాకు వినపడేంత గట్టిగా ఉంది ఆ అమ్మాయి గొంతు.

"అబ్బా! ఇరవై రెండంటే రేపటికి తొడిమలు మెత్తబడ్తాయి. నీకెన్నిసార్లు చెప్పాల? లారీ కోసరం కాయలు చెడగొడ్తావా? ఇరవై ఒకటి, ఇంక ముట్టుకోవద్దు!"

ఆయన ఫోన్ మీద చేయి అడ్డం పెట్టి నా వైపు వంగాడు. ముఖమంతా నవ్వు.

"చూడమ్మా" అన్నాడు. "కొట్లాడ్తాండాది నాతో."